ఫ్రీజ్ డ్రైయింగ్ నేర్చుకుందాం – 5: ఆ అంకె దిమ్మదా, చుక్కదా?

ఈసారి షెల్ఫ్ ఉష్ణోగ్రత గురించి చెప్తానన్నాను. అది వచ్చే పాఠానికి జరిగింది. ఫ్రీజ్ డ్రైయింగ్ అంటే గడ్డకట్టించి, వాక్యూమ్‌లో మంచును నేరుగా ఆవిరి చేసి ఎండబెట్టడం. వేడి ఎక్కువైతే ఎండిన పొర మెత్తబడి చిల్లులు పడుతుంది, దాన్నే కూలడం అంటాం. 10 శాతం సుక్రోజ్ (చక్కెర) ద్రావణం ఎన్ని డిగ్రీల సెల్సియస్ దగ్గర కూలుతుందో మైక్రోస్కోప్ కింద చూడమని మీకు చెప్తే మైనస్ 27 నుంచి మైనస్ 37 దాకా రకరకాల అంకెలు పంపారు. రావాల్సింది మైనస్ 32 దరిదాపుల్లో.

గడ్డకట్టించడం, వాక్యూమ్ పెట్టడం మీకు వచ్చు. వాటి జోలికి పోను.

మైనస్ 27 వాళ్లది తొందర. నిమిషానికి 10 డిగ్రీలు పెంచుకుంటూ పోతే, ఎండిన పొరలో చిల్లులు కంటికి ఆనేలోపే స్టేజి (మైక్రోస్కోప్ కింద చుక్కను చల్లబరిచే, వేడిచేసే పీఠం) ఉష్ణోగ్రత పైకి ఎక్కేస్తుంది. 1 డిగ్రీ చాలు.

మైనస్ 37 వాళ్లతోనే నా తలనొప్పి. తెర మీద కనిపించే అంకె స్టేజిలోని వెండి దిమ్మది. మీ 2 మైక్రోలీటర్ల చుక్కది కాదు! దిమ్మకీ, చుక్కను ఉంచే కవర్ స్లిప్‌కీ (పల్చటి గాజు ముక్కకీ) మధ్య సన్నని సందు ఉంటుంది. మామూలుగా ఆ సందులోని గాలే చలిని చుక్కకు చేరవేస్తుంది. వాక్యూమ్ పెట్టగానే ఆ గాలి పోతుంది. పైన కిటికీ గాజు గది వేడిలోనే ఉంటుంది కాబట్టి చుక్క వేడెక్కుతుంది, దిమ్మ మాత్రం చల్లగానే ఉంటుంది. చుక్క మైనస్ 32కి చేరి కూలిపోయింది, మీరు మైనస్ 37 అని రాసుకున్నారు. కవర్ స్లిప్ కింద ఒక్క బొట్టు సిలికాన్ ఆయిల్ వేస్తే సందు మూసుకుంటుంది. ఎక్కువ వేస్తే అంచుల మీదుగా పాకి చుక్కలో కలుస్తుంది, అప్పుడు కనిపించే బుడగలను చూసి కూలిందనుకుంటారు. ఇది నేనూ చేశాను, రెండు రోజులు పోయాయి.

ఆయిల్ వేశాక కూడా అంకెను నమ్మకండి. 23.3 శాతం ఉప్పు నీళ్లు అదే కవర్ స్లిప్, అదే ఆయిల్‌తో మైనస్ 60కి గడ్డకట్టించి, మెల్లగా పైకి రండి. ఇది కరగడం మొదలయ్యేది మైనస్ 21.1 దగ్గరేనని ముందే తెలుసు, అక్కడ స్ఫటికాల మధ్య తడి మెరుపు పాకుతుంది. మీ తెర అప్పుడు మైనస్ 23 చూపిస్తే తేడా 1.9. అక్కడితో ఆగకండి. గడ్డకట్టిన పొటాషియం క్లోరైడ్ ద్రావణం మైనస్ 10.7 దగ్గర కరగడం మొదలవుతుంది, దాన్నీ చూడండి. తేడా రెండుచోట్లా ఒకేలా ఉండాలని లేదు.

నా పద్ధతి ఒకటి. కూలడం కనబడగానే ఆపేయను. రెండు డిగ్రీలు దించుతాను. ఎండే అంచు ముందుకు కదిలేకొద్దీ వెనక మళ్లీ గట్టి పొర ఏర్పడుతుంది, మధ్యలో కూలిన చోటు చారలా మిగులుతుంది. తర్వాత అర డిగ్రీ చొప్పున పైకి వెళ్తాను. ఒక్క చుక్కలోనే మూడు నాలుగు చారలు వస్తాయి. పోలరైజర్ (స్ఫటికాలను మెరిసేలా చూపే ఫిల్టర్) కావాలంటే పెట్టుకోండి, సుక్రోజ్‌కి నేను వాడను.

అభ్యాసం: సుక్రోజ్ మూడు కొత్త చుక్కలతో చేయండి. మూడు అంకెలూ ఒక డిగ్రీ లోపు రావాలి. రాకపోతే ఆయిల్ దగ్గర్నుంచి మళ్లీ మొదలు. వచ్చినవాళ్లు అదే ద్రావణంలో 1 శాతం ఉప్పు కలిపి, కూలే ఉష్ణోగ్రత ఎటు జరుగుతుందో ముందే కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే స్టేజి ఆన్ చేయండి.