ఇంట్లో నాలుగైదు ఆక్వేరియంలు ఉన్నవారు ఫిల్టర్లను, రోగాలను ఎలా అదుపులో పెట్టుకోవాలి?

ఒకే ట్యాంకు ఉన్నప్పుడు చేపకు జబ్బు చేస్తే నష్టం ఆ ట్యాంకుతోనే ఆగిపోతుంది. ట్యాంకులు నాలుగైదు అయ్యాక అలా ఆగదు. ఒకే వలతో అన్నిటిలోనూ చేపలు పట్టడం, ఒకే గొట్టంతో అన్నిటి అడుగు చెత్తా తీయడం, కొళత్తూర్ చేపల బజారులో కొన్న చేపలను సంచీ నీళ్లతో సహా ఏ ట్యాంకులో చోటుంటే అందులో కుమ్మరించడం, వారం తిరగకుండా అన్ని ట్యాంకుల్లోనూ చేపలు చచ్చి తేలితే ఫిల్టర్‌ను తిట్టడం చెన్నైలో చేపలు పెంచే ఇళ్లలో తరచూ జరిగే తంతు. ఖరీదైన ఫిల్టర్ కొంటే రోగాలు రావన్న నమ్మకం దీనికి మూలం. ఫిల్టర్ చేసే పని చేపల విసర్జనలోని విషాన్ని తగ్గించడం మాత్రమే. బయటి నుంచి వచ్చిన రోగాన్ని అది ఆపదు, సరిగా అమర్చకపోతే ఊరంతా తిప్పుతుంది కూడా. అందుకని కింద చెప్పిన పద్ధతి అంతటికీ ఆధారం ఒక్కటే: గాలి ఉమ్మడిగా ఉండవచ్చు, నీళ్లు ఉమ్మడిగా ఉండకూడదు.

కావలసినవి

ట్యాంకుకు రెండేసి స్పాంజ్ ఫిల్టర్లు (పంపు గాలితో నీటిని స్పాంజ్ గుండా లాగేవి), అన్నిటికీ కలిపి ఒక గట్టి ఎయిర్ పంపు, ప్రతి గాలి గొట్టానికీ ఒక నాన్ రిటర్న్ వాల్వ్, ట్యాంకుకొక వల, ట్యాంకుకొక సైఫన్ గొట్టం (అడుగు చెత్తను నీళ్లతో సహా బయటికి లాగేది), సబ్బు తగలని బకెట్లు, అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించే కిట్, టీడీఎస్ పెన్ను (నీటిలో కరిగిన లవణాలను కొలిచేది), యాంటీ క్లోరిన్, కల్లుప్పు, సువాసనలేవీ కలపని బ్లీచ్ ద్రావణం, క్వారంటైన్‌కు, అంటే కొత్త చేపలను కొన్నాళ్లు విడిగా ఉంచడానికి, 40 లీటర్ల అదనపు గాజు ట్యాంకు ఒకటి. ఏ వల ఏ ట్యాంకుదో తెలిసేలా వల పిడికీ ట్యాంకు అంచుకీ ఒకే రంగు టేపు చుట్టాలి. క్వారంటైన్ ట్యాంకుకు ఎర్ర టేపే వాడాలి, వేరే రంగు వాడకూడదు.

ఫిల్టర్ల అమరిక

చేపల మలమూత్రాలు, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దానిని నైట్రైట్‌గానూ, మరో రకం ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గానూ మారుస్తాయి. ఈ బ్యాక్టీరియా స్పాంజ్ రంధ్రాలలో స్థిరపడడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది కాబట్టి కొత్త స్పాంజ్‌ను ఫిల్టర్ అనడం కన్నా స్పాంజ్ ముక్క అనడమే న్యాయం.

ట్యాంకుకు రెండు స్పాంజ్‌లు ఎందుకంటే, పదిహేను రోజులకొకసారి ఒక్కదానినే కడగాలి, రెండవది తరువాతి విడతకు వదిలేయాలి. ఆ ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే మెల్లగా పిండాలి. కుళాయి కింద పెట్టి తెల్లగా మెరిసేదాకా కడిగితే క్లోరిన్ ఆ బ్యాక్టీరియాను చంపుతుంది. మూడో రోజున చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. ఒక స్పాంజ్ చాలునని వాదించేవారితో వాదించడం నేను మానేశాను.

నాలుగు ట్యాంకులనూ పైపులతో కలిపి కింద ఒక పెద్ద సంప్ (అన్నిటి నీళ్లనూ ఒకేచోట వడకట్టే తొట్టె) పెడితే నిర్వహణ సులువని దుకాణాల్లో చెబుతారు. సులువే, కాదనను. నీటి పరిమాణం పెరుగుతుంది కనుక వేడిమి, రసాయన గుణాలు నిలకడగా కూడా ఉంటాయి. అయితే మొదటి ట్యాంకులో రాలిన పరాన్నజీవి గంటలోపే నాలుగో ట్యాంకులో ఉంటుంది, ఒక ట్యాంకుకు మందు వేయాలంటే అన్నిటికీ వేయాలి. మధ్యలో క్రిములను చంపే యూవీ దీపం పెట్టామని ధైర్యం చెప్పుకుంటారు గాని, ఆ దీపం తన ముందు నుంచి వెళ్లిన నీటిని శుద్ధి చేస్తుందే తప్ప చేప ఒంటి మీద ఉన్నదానిని, అడుగున అంటుకున్నదానిని తాకలేదు. ఉమ్మడి నీళ్లు ఏం చేస్తాయో మన వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. 1994 చివరి నుంచి నెల్లూరు ప్రాంతంలో టైగర్ రొయ్యల చెరువులను వైట్ స్పాట్ వైరస్ ఊడ్చిపెట్టినప్పుడు, కండలేరు క్రీక్ (ఉప్పునీటి పాయ) వెంట ఒక చెరువు వదిలిన నీరే పక్క చెరువు తోడుకునే నీరు కావడం ఆ విధ్వంసానికి బాగా తోడ్పడింది. (రొయ్యల వైట్ స్పాట్ వైరస్ వల్ల వచ్చేది. చేపల వైట్ స్పాట్ పరాన్నజీవి వల్ల వచ్చేది. పేరు ఒకటే గాని రెండింటికీ సంబంధం లేదు.)

ట్యాంకు బయట మూసిన డబ్బాలా ఉండే క్యానిస్టర్ ఫిల్టర్లను కూడా నేను ఒప్పుకోను. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు చెన్నైలో చాలా పేటల్లో కరెంటు రోజుల తరబడి లేదు. మూత బిగించిన క్యానిస్టర్‌లో ప్రవాహం ఆగితే లోపలి ఆక్సిజన్ కొన్ని గంటల్లోనే అయిపోయి బ్యాక్టీరియా చావడం మొదలవుతుంది. కరెంటు రాగానే స్విచ్ వేస్తే ఆ కుళ్లు నీరంతా చేపల మీదకు వస్తుంది; అందుకే విప్పి కడిగి గాని మళ్లీ ఆన్ చేయకూడదు. స్పాంజ్ ట్యాంకు నీళ్లలోనే ఉంటుంది, బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు తగిలిస్తే దాని పని అది చేసుకుపోతుంది. కరెంటు పోయినప్పుడు నీళ్లు గాలి గొట్టం గుండా వెనక్కి పాకకుండా నాన్ రిటర్న్ వాల్వ్ తప్పనిసరి.

నీళ్లు, వారపు పని

నగర కుళాయిల్లో వచ్చే మెట్రో వాటర్‌లో క్లోరిన్ ఉంటుంది, బోరు నీటిలో ఉప్పదనం ఉంటుంది, ఎండాకాలంలో లారీ నీళ్లు ఏ లోడుకు ఎలా ఉంటాయో చెప్పలేము. కనుక ప్రతి లోడుకూ టీడీఎస్ చూసి, బకెట్‌లోనే యాంటీ క్లోరిన్ కలిపి, ఆ తరువాతే ట్యాంకులో పోయాలి. వారానికొకసారి నాలుగో వంతు నీళ్లు మారిస్తే సరిపోతుంది. మే నెలలో నీటి వేడిమి 32 డిగ్రీలకు చేరితే అందులో ఆక్సిజన్ గరిష్ఠంగా లీటరుకు 7.3 మిల్లీగ్రాముల దగ్గర ఆగిపోతుంది, అదే 25 డిగ్రీల దగ్గర 8.2 దాకా ఉంటుంది. అందుచేత వేసవిలో మేత తగ్గించి గాలి పెంచాలి.

పని ఎప్పుడూ చేప పిల్లల ట్యాంకుతో మొదలుపెట్టి, ఆరోగ్యంగా ఉన్న పాత ట్యాంకుల మీదుగా వచ్చి, అనుమానమున్న ట్యాంకుతోనో క్వారంటైన్‌తోనో ముగించాలి. ఒక ట్యాంకు నుంచి మరో ట్యాంకుకు వెళ్లే ముందు చేతులను మోచేతుల దాకా కడిగి, తుడుచుకోవాలి. వారంలో ఈ పని ఆదివారం ఉదయమే పెట్టుకోవాలి, ఎందుకంటే ఆఫీసు నుంచి వచ్చి రాత్రి చేసే పనిలో ఈ వరుస తప్పక తప్పుతుంది.

క్వారంటైన్: అందరూ చెడగొట్టే దశ

ఇంతవరకు చెప్పినవి ఎవరైనా చేయగలరు. ఇక్కడ మాత్రం తొందరపడకూడదు. దుకాణంలో అడిగితే "ఒణ్ణుం ఆగాదు సార్, నేరా పోడుంగో" (ఏమీ కాదు సార్, నేరుగా వేసేయండి) అని దుకాణదారు భరోసా ఇస్తాడు. ఆయన ట్యాంకులో అయిదారు చోట్ల నుంచి వచ్చిన చేపలు ఒకే నీళ్లు పంచుకుంటున్నాయన్న సంగతి ఆయన చెప్పడు, మనం అడగం. విదేశాల నుంచి వచ్చే వెనామీ (చెరువుల్లో పెంచే రొయ్య జాతి) తల్లి రొయ్యలు మన ఆంధ్ర హ్యాచరీలకు చేరాలంటే ముందు ఇదే చెన్నైలో, నీలాంకరైలోని ప్రభుత్వ క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలు గడవాలి. అంత వ్యాపారానికి తప్పని నియమం మన పది రూపాయల గప్పీకి అక్కర్లేదనుకోవడం విచిత్రం.

క్వారంటైన్ ట్యాంకు మిగతా ట్యాంకులకు దూరంగా, వీలైతే మరో గదిలో, మూతతో ఉండాలి. బుడగలు పగిలినప్పుడు చిమ్మే తుంపరలతో కూడా రోగం పక్క ట్యాంకులో పడవచ్చు. అడుగున ఇసుక గాని గులకరాళ్లు గాని వేయకూడదు, చేపలు దాక్కోవడానికి ఒక పీవీసీ పైపు ముక్క చాలు. అడుగు ఖాళీగా ఉంటేనే మలం రంగు, మిగిలిన మేత, రాలిన పొలుసు కంటికి కనబడతాయి.

అసలు చిక్కు దీని ఫిల్టర్‌తో వస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఖాళీగా ఉండే ట్యాంకు కనుక అందులో బ్యాక్టీరియా బతికి ఉండదు. కొత్త స్పాంజ్ పెట్టి కొత్త చేపలు వదిలితే అవి రోగంతో కాదు, అమ్మోనియాతో చస్తాయి, మనం దానిని రోగమనుకుని మందులు పోస్తాము. దీనికి మార్గం ఏమంటే, ఇంట్లో అన్నిటికన్నా పాతదీ ఆరోగ్యంగా ఉన్నదీ అయిన ట్యాంకులో ఎప్పుడూ రెండు అదనపు స్పాంజ్‌లు నడుస్తూ ఉండాలి. చేపలు తెచ్చిన రోజున అందులో ఒకదానిని ఆ ట్యాంకు నీళ్లు నింపిన మగ్గులో ముంచి, పిండకుండా, ఆరనివ్వకుండా తీసుకెళ్లి క్వారంటైన్‌లో పెట్టాలి.

ఈ స్పాంజ్ వెళ్లే దారే గాని తిరిగి వచ్చే దారి లేదు. పని అయిపోయింది కదా అని దానిని మళ్లీ పాత ట్యాంకులో పెట్టినవారు నెల రోజుల శ్రమను ఒక్క నిమిషంలో పోగొట్టుకున్నట్లే. దానిని బ్లీచ్‌లో నానబెట్టి, బాగా కడిగి, ఎండలో గలగలలాడేలా ఆరబెట్టి, ఆ తరువాత కొత్త స్పాంజ్ లెక్కన పాత ట్యాంకులో వేసి మళ్లీ వారాల పాటు పండనివ్వాలి. ఆ లోపల అవసరం పడితే వాడుకోవడానికే రెండవ స్పాంజ్.

చేపలను దించడంలో కూడా పాత అలవాటు ఒకటి మానుకోవాలి. సంచీని విప్పి, గ్లాసు గ్లాసుగా గంటసేపు మన నీళ్లు కలపడం మంచిదని చాలామంది నమ్మకం. ప్రయాణంలో చేపలు వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల సంచీ నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) తగ్గి ఉంటుంది, అందులో పేరుకున్న అమ్మోనియా ఆ స్థితిలో అంతగా కుట్టదు. మూతి విప్పగానే వాయువు బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది 1 శాతం లోపే, 8 దగ్గర అది 7 శాతం దాటుతుంది. గంటసేపు చేపను అందులోనే ఉంచడం దయ కాదు. అందుకని దుకాణంలోనే వారి నీటి టీడీఎస్ చూసుకుని, క్వారంటైన్ నీటిని దానికి దగ్గరగా సిద్ధం చేసుకోవాలి. మూతి కట్టిన సంచీని 20 నిమిషాలు పైన తేలనిచ్చి, విప్పిన వెంటనే వల మీదుగా బకెట్‌లోకి వంచి, చేపను మాత్రమే ట్యాంకులో వదలాలి. సంచీ నీళ్లు మరుగుదొడ్డిలో పోయాలి.

మొదటి రోజు మేత వద్దు. తరువాత కొద్దికొద్దిగా వేస్తూ, రోజు విడిచి రోజు అమ్మోనియా, నైట్రైట్ చూడాలి. ఏది సున్నా దాటినా నీళ్లు మార్చాలి. గడువు నాలుగు వారాలు. రెండు వారాలు చాలునన్నవారి ట్యాంకులు చూసి వచ్చాకే ఈ మాట అంటున్నాను. మధ్యలో మరో చేపను తెచ్చి అందులో వేస్తే లెక్క మళ్లీ మొదటి రోజు నుంచి మొదలవుతుంది, పాత చేపలకు కూడా. ఏ లక్షణమూ లేకుండానే ముందు జాగ్రత్తగా మిథిలీన్ బ్లూ పోయడం నాకు నచ్చదు. అది స్పాంజ్‌లోని బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది, గాజు అతుకుల సిలికాన్‌కు నీలిరంగు పట్టిస్తుంది.

నాలుగు వారాలు గడిచాక మీ పాత ట్యాంకులోని మామూలు చేపను ఒకదానిని క్వారంటైన్‌లోకి దించి ఒక వారం చూడాలి. కొత్త చేపలు తమకు అలవాటైన రోగాన్ని బయటికి కనబడకుండా మోస్తూ ఉండవచ్చు. అలవాటు లేని పాత చేప మీద అది బయటపడుతుంది. ఇది ఆ చేపకు అన్యాయమేనని ఇంట్లో పిల్లలు గొడవ చేస్తారు, వారి మాటలో తప్పు లేదు. అయినా చేయవలసిందే.

రోగం కనబడితే

వైట్ స్పాట్, కాలమ్నారిస్ అనే రెండు రోగాలను వేరు చేసి చూడడం నేర్చుకోవాలి. వైట్ స్పాట్ అయితే రెక్కల మీద, ఒంటి మీద ఉప్మా రవ్వ చల్లినట్టు విడివిడిగా ఉబ్బెత్తు చుక్కలు ఉంటాయి, చేప పైపుకు ఒళ్లు రుద్దుకుంటుంది. ఈ పరాన్నజీవి చేప చర్మం కింద ఉన్నంతసేపు మందు దానిని తాకదు. రాలి అడుగున గుల్ల కట్టుకుని, వందలుగా చీలి, మళ్లీ చేపను వెతుక్కుంటూ ఈదే ఆ రెండు రోజుల వ్యవధిలోనే చస్తుంది. కనుక చుక్కలు మాయమైన రోజున వైద్యం ఆపకూడదు, మరో వారం కొనసాగించాలి. లీటరుకు 2 గ్రాముల చొప్పున, అంటే 40 లీటర్లకు 80 గ్రాముల కల్లుప్పు కరిగించి, రెండు రోజుల్లో కొద్దికొద్దిగా కలపాలి. వేడిమిని 30 డిగ్రీలకు తేవాలి. గాలి పెంచి, రోజూ అడుగు తీయాలి. అడుగున తిరిగే కోరీ, లోచ్ జాతుల చేపలు ఉప్పును అంతగా ఓర్చుకోవు, వాటిని గమనిస్తూ ఉండాలి. చెన్నైలో ఈ బెడద నవంబరు, డిసెంబరు వానలకు నీళ్లు చల్లబడినప్పుడు ఎక్కువ.

నోటి చుట్టూ దూదిలాంటి తెలుపు, వీపు మీద బూడిద రంగు పట్టీ కనబడితే అది కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా కావచ్చు. దీనికి వేడిమి పెంచడం నిప్పులో నెయ్యి పోయడమే. వేసవిలో ఒకటి రెండు రోజుల్లోనే ట్యాంకు ఖాళీ చేస్తుంది. వేడిమి తగ్గించి, చేపను వేరు చేసి, చేపల వైద్యం తెలిసినవారిని అడగాలి. మందుల దుకాణంలో ఏదో యాంటీబయాటిక్ క్యాప్సూల్ కొని విప్పి నీళ్లలో చల్లడం వైద్యం కాదు.

రోగం వచ్చిన ట్యాంకు వలను, గొట్టాన్ని బ్లీచ్‌లో గంటసేపు నానబెట్టాలి. సీసా మీద సోడియం హైపోక్లోరైట్ 5 శాతం అని ఉంటే లీటరు నీటికి 4 మిల్లీలీటర్లు సరైన పాళ్లు. తరువాత కడిగి, యాంటీ క్లోరిన్ కలిపిన నీళ్లలో ముంచి, మేడ మీద ఎండబెట్టాలి. చచ్చిన చేపను కాలువలో పడేయకుండా కాగితంలో చుట్టి చెత్తలో వేయాలి.

సైఫన్ గొట్టాన్ని నోటితో పీల్చకూడదు. చేతి మీద పుండు గాని కోత గాని ఉంటే గ్లౌజులు లేకుండా ట్యాంకులో చేయి పెట్టకూడదు. చేపలకు క్షయలాంటి రోగం తెచ్చే మైకోబ్యాక్టీరియం మెరైనమ్ అలాంటి గాయం గుండా మనిషి చర్మంలోకి కూడా దిగుతుంది. వేళ్ల మీద వారాల తరబడి మానని గడ్డ లేస్తే, డాక్టరు అడగకపోయినా ఇంట్లో చేపలు పెంచుతున్నామని మొదటే చెప్పాలి.