పాతకాలపు బేస్‌బాల్ పిచర్ కెరీర్‌ని అర్థం చేసుకోవడం ఎలా?

1880ల నాటి పిచర్ల (బ్యాటర్‌కి బంతి వేసేవాళ్ల) రికార్డులు మొదటిసారి చూసినవాళ్లు రెండు రకాలుగా మాట్లాడతారు. కొందరు "మనిషా, యంత్రమా" అని నోరెళ్లబెడతారు, కొందరేమో "అప్పట్లో ఆట అంత తేలికలెండి" అని తీసిపారేస్తారు. అందరూ ‘ఓల్డ్ హాస్’ అని పిలిచిన చార్లెస్ రాడ్‌బర్న్‌నే తీసుకోండి. 1884లో ప్రావిడెన్స్ గ్రేస్ జట్టు తరఫున 678 ఇన్నింగ్స్‌కి (మ్యాచ్‌కి మామూలుగా తొమ్మిది) పైగా బంతులేశాడు, 441 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతిని సరిగా కొట్టనివ్వకుండానే అవుట్ చేశాడు, పిచర్‌గా మొదలుపెట్టిన 73 మ్యాచ్‌లనూ చివరిదాకా తనే లాగాడు. ఇలాంటి అంకెలు కనబడగానే ఆశ్చర్యపోవడం కాసేపు ఆపి, ముందు అది ఏ సంవత్సరమో చూడండి.

ఎందుకంటే అప్పట్లో రూల్స్ దాదాపు ఏటా మారేవి. ప్రావిడెన్స్ ఆడిన నేషనల్ లీగ్‌లో చేతిని భుజం పైనుంచి తిప్పి బంతి వేయడానికి పూర్తి అనుమతి వచ్చింది 1884లోనే. అదే ఏడాది వాక్ (బ్యాటర్‌కి ఉచితంగా మొదటి బేస్) ఇవ్వాలంటే ఆరు బాల్స్ (గురితప్పిన బంతులు) పడాలి, ఇప్పటిలా నాలుగు కావడం 1889లో జరిగింది. 1887కి ముందు బ్యాటర్ తనకి బంతి ఎత్తుగా కావాలో కిందుగా కావాలో అడిగి మరీ వేయించుకునేవాడు, అంటే ప్రతి రూలూ పిచర్ పక్షానే ఉందనుకుంటే తప్పు. దూరం విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. అప్పట్లో 50 అడుగులు, 1893 నుంచి 60 అడుగుల 6 అంగుళాలు అని చదివి చాలామంది తేడా పదిన్నర అడుగులని రాసేస్తారు. కానీ ఆ 50 అడుగుల్ని కొలిచింది పిచర్ నిలబడే గడి ముందు గీత దగ్గర్నుంచి, 1893లో కొలిచింది కాలు ఆనించే పలక దగ్గర్నుంచి, కాబట్టి అసలు తేడా అంత లేదు.

తర్వాత చూడాల్సింది జట్టులో పిచర్లు ఎంతమంది అన్నది. మామూలుగా ఇద్దరు. గాయమైతే తప్ప ఆట మధ్యలో బయటినుంచి మనిషిని దించే వీల్లేదు, అందుకే రెండో పిచర్‌ని రైట్ ఫీల్డ్‌లో నిలబెట్టి, అవసరమైతే ఇద్దరినీ స్థానాలు మార్చేవాళ్లు. ఈ సంగతి తెలియకపోతే 1884 కథ సగమే అర్థమవుతుంది. జులైలో సరిగా ఆడటం లేదని రాడ్‌బర్న్‌ని జట్టు సస్పెండ్ చేసింది. రెండో పిచర్ చార్లీ స్వీనీ జులై 22న ఫీల్డ్‌లోకి మారమంటే ససేమిరా అని మైదానం వదిలి వెళ్లిపోయాడు, మిగిలిన ఎనిమిది మందితోనే ఆడి ప్రావిడెన్స్ ఓడిపోయింది. స్వీనీని తీసేశారు, అతను వెళ్లి పోటీ లీగ్ అయిన యూనియన్ అసోసియేషన్‌లో చేరిపోయాడు. ఇక జట్టు పూర్తిగా రాడ్‌బర్న్ చేతిలో పడింది. మేనేజర్ ఫ్రాంక్ బాన్‌క్రాఫ్ట్‌తో బేరం కుదిరింది: మిగతా సీజన్ భారం తను మోస్తాడు, బదులుగా ఎక్కువ డబ్బు ఇవ్వాలి, సీజన్ అయ్యాక తనని వదిలేయాలి.

ఈ రెండో షరతు దగ్గర ఆగండి. 1879లో వచ్చిన రిజర్వ్ పద్ధతి ప్రకారం జట్టు వదిలితే తప్ప ఆటగాడు వేరే చోటికి పోలేడు. అలాంటి రోజుల్లో స్వేచ్ఛ అడగడమంటే జీతం పెంచమనడం కంటే పెద్ద మాట. ఏ పాత ఆటగాడి కథ చదువుతున్నా, అతను ఎంత బాగా ఆడాడనే దానితో పాటు అప్పుడు అతనికి బేరమాడే బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా వెతకండి, సగం ప్రశ్నలు అక్కడే తేలిపోతాయి. జులై 23 నుంచి సెప్టెంబర్ 24 దాకా జట్టు ఆడిన 43 మ్యాచ్‌లలో 40 రాడ్‌బర్న్ మొదలుపెట్టాడు, 36 గెలిచాడు. పొద్దున్నే తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదంటారు. ఆ అక్టోబర్‌లో మరో లీగ్ విజేత న్యూయార్క్ మెట్రోపాలిటన్స్ మీద మూడుకి మూడు మ్యాచ్‌లూ అతనే వేసి గెలిపించాడు.

ఇప్పుడు మళ్లీ అంకెల దగ్గరికి రండి. ఆ ఏడాది అతని విజయాలు కొన్ని చోట్ల 59, కొన్ని చోట్ల 60. తేడా అంతా జులై 28 మ్యాచ్ దగ్గర వచ్చింది. సైక్లోన్ మిల్లర్ అయిదు ఇన్నింగ్స్ వేశాడు, ఆరో ఇన్నింగ్స్‌లో జట్టు ముందుకెళ్లింది, మిగతా నాలుగూ రాడ్‌బర్న్ పరుగివ్వకుండా వేశాడు. నాటి స్కోరర్ గెలుపుని రాడ్‌బర్న్ ఖాతాలో రాశాడు, ఇప్పటి రూల్ ప్రకారమైతే అది మిల్లర్‌ది. మీరు ఏదైనా తీసుకోండి, కానీ మొత్తం కెరీర్ లెక్కలో కూడా అదే పాటించండి, ఇక్కడ 59 అని రాసి అక్కడ 310 అంటే కుదరదు, 309 అనాలి. ఆ ఏడాది అతని 1.38 ఎర్న్‌డ్ రన్ యావరేజ్ (ఫీల్డర్ల తప్పులు తీసేసి, తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ సగటున ఇచ్చిన పరుగులు) కూడా అప్పటి పేపర్లలో వచ్చింది కాదు. నేషనల్ లీగ్ ఆ లెక్కని అధికారికంగా పెట్టిందే 1912లో, పాత సీజన్లకి తర్వాతి వాళ్లు కూర్చుని కట్టారు.

ఆట బయటి జీవితానికి పాత పత్రికలు, జనాభా లెక్కలు, సిటీ డైరెక్టరీలు వెతకాలి. ఇంటిపేరుని చివర ఇంగ్లిష్ ‘e’ అక్షరంతోనూ (Radbourne), అది లేకుండానూ (Radbourn) రెండు రకాలుగా వెతకండి. రాడ్‌బర్న్ 1854లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో పుట్టాడు, పెరిగిందీ, 1897లో పోయిందీ ఇల్లినాయ్‌లోని బ్లూమింగ్టన్‌లో. ఫోటోలు కూడా వదలొద్దు: 1886లో బోస్టన్, న్యూయార్క్ జట్లు కలిసి దిగిన ఫోటోలో వెనక వరసలో నిలబడి కెమెరాకి మధ్యవేలు చూపిస్తున్న పెద్దమనిషి ఇతనే, మనిషి తత్వం గురించి ఏ స్కోర్‌కార్డూ ఇంత చెప్పదు. ఆట మానేసింది 1891లో కాబట్టి 1890 జనాభా లెక్కలు దొరికితే బాగుండుననిపిస్తుంది, కానీ 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంతో అవి చాలావరకు పోయాయి. 1880, 1900 లెక్కల మధ్య మిగిలిన ఆ ఇరవయ్యేళ్ల ఖాళీకి బ్లూమింగ్టన్ డైరెక్టరీలు, స్థానిక పత్రికల్లోని చిన్న చిన్న వార్తలే దిక్కు. వేటలో తుపాకీ దెబ్బకి కన్ను పోవడం, సెలూన్ నడపడం లాంటివన్నీ ఆ ఏళ్లలోవే.