విదేశాల్లో ఉద్యోగం చేసే అమెరికా పౌరులకు ఐఆర్‌ఏ: అర్హత, విధానం

అమెరికా పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండి హైదరాబాద్‌లోనో దుబాయ్‌లోనో ఉద్యోగం చేస్తున్నవారు కూడా ఐఆర్‌ఏలో, అంటే వ్యక్తిగత రిటైర్మెంట్ ఖాతాలో, డబ్బు వేసుకోవచ్చు. ఇందుకు ప్రభుత్వానికి పెట్టుకునే దరఖాస్తు ఏదీ లేదు. ఖాతా తెరిచేది బ్యాంకులో లేదా బ్రోకరేజీలో. అర్హత తేలేది మాత్రం మీ ట్యాక్స్ రిటర్నులో. అందుకే ఖాతా తెరిచే ముందు కిందటేడు రిటర్ను తీసి, అందులో ఫారం 2555 ఉందో లేదో చూడండి.

ఆ ఫారంతో విదేశీ జీతాన్ని ట్యాక్స్ లెక్కలోంచి తీసేయవచ్చు. 2025కి ఆ పరిమితి 1,30,000 డాలర్లు. చిక్కంతా ఇక్కడే ఉంది. అలా తీసేసిన జీతం ఐఆర్‌ఏకి పనికిరాదు. హైదరాబాద్‌లో 60,000 డాలర్లకు సమానమైన జీతం మొత్తం తీసేస్తే, వేరే సంపాదన లేనప్పుడు మీరు వేయగలిగేది సున్నా. ఇంటి అద్దె, ఎఫ్‌డీ వడ్డీ ఎంత వచ్చినా అవి సంపాదన కింద లెక్కకు రావు.

భారత్‌లో ట్యాక్స్ గట్టిగానే కట్టేవారికి 2555 బదులు ఫారం 1116 మేలని నా అభిప్రాయం. ఇక్కడ కట్టిన ట్యాక్స్‌కు అక్కడ క్రెడిట్ వస్తుంది, జీతమూ లెక్కలో ఉంటుంది. అయితే భారత్‌లో యజమాని ఇచ్చే జీతం, ట్యాక్స్ పత్రం ఫారం 16 ఏప్రిల్ నుంచి మార్చి వరకు, అమెరికా రిటర్ను జనవరి నుంచి డిసెంబర్ వరకు. కాబట్టి నెలనెలా పే స్లిప్పులు దాచుకోండి. ఇప్పటికే 2555 వాడుతుంటే, దాన్ని వదులుకుంటున్నట్టు రాసి రిటర్నుకు జతచేయాలి. ఒకసారి వదిలాక 5 పన్ను సంవత్సరాల వరకు ఐఆర్‌ఎస్ (అమెరికా పన్ను శాఖ) అనుమతి లేనిదే మళ్లీ వాడుకోలేరు. తొందరపడకండి.

దుబాయ్‌లో జీతంపై ట్యాక్స్ లేదు కనుక క్రెడిట్ మాటే లేదు. అక్కడ 1,40,000 డాలర్లు సంపాదించేవారికి 2025 లెక్కన 1,30,000 పోగా 10,000 మిగులుతుంది, ఐఆర్‌ఏలో వేయడానికి అది చాలు. అక్కడి ఇంటి అద్దె వంటి ఖర్చులకు ఇచ్చే మినహాయింపు కూడా తీసుకుంటే అదీ కరిగిపోవచ్చు.

ఐఆర్‌ఏలో వేయడానికి 2025కి పరిమితి 7,000 డాలర్లు, 50 ఏళ్లు నిండితే 8,000. రాత్ ఐఆర్‌ఏకైతే, అంటే ట్యాక్స్ కట్టిన డబ్బు వేసి రిటైరయ్యాక ట్యాక్స్ లేకుండా తీసుకునే రకానికైతే, ఆదాయ పరిమితి ఉంది. ఆ లెక్కలో 2555తో తీసేసిన జీతాన్ని మళ్లీ కలుపుతారు. ఒంటరిగా ఫైల్ చేసేవారికి 2025లో 1,50,000 దాటితే వేయగలిగింది తగ్గుతూ 1,65,000కి ఆగిపోతుంది. భార్యాభర్తలు విడివిడిగా ఫైల్ చేస్తూ కలిసి ఉంటే ఈ పరిమితి 10,000 మాత్రమే. జీవిత భాగస్వామికి అమెరికా పౌరసత్వం లేని ఇళ్లలో దీన్ని తప్పకుండా చూసుకోవాలి.

ఖాతాకు సోషల్ సెక్యూరిటీ నంబర్ కావాలి. విదేశీ చిరునామా ఉంటే చాలా సంస్థలు కొత్త ఖాతా ఇవ్వవు, ముందే కనుక్కోండి. రిటర్నుకు జూన్ 15 దాకా గడువున్నా, ఆ ఏడాదికి ఐఆర్‌ఏలో డబ్బు వేయడానికి ఆఖరు తేదీ ఏప్రిల్ 15.

అర్హత లేకుండా వేస్తే, ఆ సొమ్ము ఖాతాలో ఉన్నన్నేళ్లూ ఏటా 6 శాతం జరిమానా. పొడిగించిన గడువుతో సహా రిటర్ను గడువు లోపల, దానిపై వచ్చిన లాభంతో కలిపి వెనక్కి తీసేస్తే ఆ జరిమానా పడదు.