చిన్న జీవాల్ని గమనించాలంటే ముందు ఒక చోటు పట్టుకోండి

అడవి జంతువులు అనగానే చాలామందికి పులి, ఏనుగే గుర్తొస్తాయి, కానీ తొండ, ఉడుత, కప్ప, నలికిరి, ముంగిస ఇవన్నీ కూడా ఎవరూ పెంచకుండా వాటంతట అవే బతికేవే కదా. వీటి గురించి తెలుసుకోవాలనుంటే నా సలహా ఒక్కటే, నాలుగు చోట్లు తిరగొద్దు, ఒక్క చోటు చూసుకుని మళ్ళీ మళ్ళీ అక్కడికే వెళ్ళండి. పాత గోడ, చెట్టు మొదలు, నీటి గుంట పక్కన పొదలు, ఏదైనా సరే, పది అడుగుల జాగా ఉన్నా చాలు.

వెళ్ళగానే ఏమీ కనపడదు. మీ అడుగుల చప్పుడికే అన్నీ దాక్కుంటాయి, అందుకే ఫోన్ సైలెంట్‌లో పెట్టి ఒక ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోండి. మొదట్లో ఉడుత తోక ఎగరేస్తూ ఒకటే అరుస్తుంటుంది, అది అరుపు ఆపి మళ్ళీ తిండి పనిలో పడిందంటే మీరంటే భయం తగ్గినట్టే, అసలు చూడాల్సింది అప్పుడే.

నేను ఇలా కూర్చున్నప్పుడే ఒకసారి ఆడ తొండ గుడ్లు పెట్టడం చూశాను. ముందు రోజు వానకి నేల మెత్తబడింది, అది ముందు కాళ్ళతో గుంట తవ్వి, గుడ్లు పెట్టి, మట్టి కప్పేసి, తల వంచి మూతితో ఆ మట్టిని పొడిచి పొడిచి అదిమింది, అది వెళ్ళాక దగ్గరికెళ్ళి చూస్తే గుంట ఎక్కడుందో నాకే తెలియలేదు. అక్కడ సిమెంట్ వేసుంటే ఆ గుడ్లకి చోటే లేదు. తిండి, నీళ్ళు, దాక్కోడానికి చోటు, పిల్లలకి చోటు, ఈ నాలుగూ మీ జాగాలో ఎక్కడెక్కడున్నాయో వెతికితే ఏ జీవం అక్కడే ఎందుకుంటుందో మెల్లగా అర్థమవుతుంది.

జంతువు కనపడకపోయినా గుర్తులు దొరుకుతాయి. బల్లి పెంటిక ఒక చివర తెల్లగా ఉంటుంది, అది యూరిక్ యాసిడ్, అంటే మనకి మూత్రంలో పోయేలాంటి వ్యర్థం బల్లికి ఇలా గట్టిగా బయటికొస్తుంది, ఎలుక పెంటికకి ఆ తెలుపు ఉండదు. పురుగులు తినే గబ్బిలం పెంటికని పుల్లతో నొక్కితే పొడి పొడిగా రాలిపోతుంది, అందులో పురుగుల రెక్కల ముక్కలు తళతళమంటాయి. చేత్తో మాత్రం ముట్టుకోకండి, దగ్గరగా వాసన చూడకండి, రోగాలొస్తాయి. అడుగుజాడలు కావాలంటే సాయంత్రం జల్లించిన సన్న మట్టి పలచగా పరిచి పొద్దున్నే వెళ్ళి చూడండి, ఎలుకలకీ ఉడుతలకీ ముందు పాదంలో నాలుగు వేళ్ళు, వెనక పాదంలో ఐదు పడతాయి. ఫోటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టండి, లేకపోతే తర్వాత సైజు తెలియదు.

రాయి ఎత్తాలంటే అవతలి అంచు పట్టుకుని మీ వైపుకి లేపండి, అప్పుడు కింద పామో తేలో ఉంటే దానికి అటువైపు దారి ఉంటుంది. చూశాక రాయిని ఎలా ఉందో అలాగే పెట్టేయాలి, ఇది చాలామంది మర్చిపోతారు, నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఆ కింద తడి ఎండిపోతే అక్కడున్నవాటికి ఇల్లు పోయినట్టే. కప్పల్ని పట్టుకోకపోవడమే మంచిది, వాటి చర్మం నీటినీ గాలినీ పీల్చుకుంటుంది, మన చేతికున్న దోమల క్రీమ్ కూడా లోపలికి పోతుంది.

ఇక నోట్‌బుక్. తేదీ, టైమ్, ఎండా వానా, ఎంతసేపు కూర్చున్నారు, ఏం చూశారు, అది ఏం చేస్తోంది, అన్నీ అక్కడే రాయండి, ఇంటికొచ్చాక రాద్దాంలే అనుకుంటే సగం పోతుంది. ఏమీ కనపడని రోజు 'ఏమీ లేదు' అని కూడా రాయాలి. అమెరికాలో జోసెఫ్ గ్రిన్నెల్ అనే జంతుశాస్త్రవేత్త తన టీమ్‌తో 1914 నుంచి 1920 దాకా యోసెమిటీ అనే కొండల నేషనల్ పార్కులో ఎలుకలు, ఉడుతలు లాంటివి ఎక్కడెక్కడ ఉన్నాయో ఇలాగే వివరంగా రాసిపెట్టారు, దాదాపు వందేళ్ళకి వేరే శాస్త్రవేత్తలు అవే చోట్లకి వెళ్ళి పోల్చి చూస్తే 28 జాతుల్లో సగం సగటున 500 మీటర్ల దాకా కొండ పైకి జరిగాయని తేలింది, ఆ వివరాలు 2008లో అచ్చయ్యాయి. పాత నోట్స్ లేకపోతే ఈ పోలికే కుదిరేది కాదు.

పేరు తెలియనివాటిని ఫోటో తీసి ఐనాచురలిస్ట్ యాప్‌లో పెడితే తెలిసినవాళ్ళు చెప్తారు. గూడు, గుడ్లు ఉన్న ఫోటో అయితే మాత్రం లొకేషన్ దాచి పెట్టండి, అలాంటి చోటు వెతుక్కుంటూ నలుగురు వచ్చారంటే తల్లి గూడు వదిలేసి పోవచ్చు.