కట్టెల స్టవ్‌తో ఇల్లు వెచ్చగా ఉండాలంటే ముందు కట్టెలు ఎండాలి

అమెరికాలో వెర్మాంట్, న్యూహాంప్‌షైర్ లాంటి చలి రాష్ట్రాల్లో ఇల్లు తీసుకుని, అందులో కట్టెల స్టవ్ ఉందని సంబరపడేవాళ్లు ముందు చూసుకోవాల్సింది కట్టెల్ని. పచ్చి కట్టె పెడితే వేడిలో చాలా భాగం దానిలోని నీళ్లు ఆవిరవడానికే పోతుంది, పైగా ఆ పొగ చిమ్నీలో చల్లబడి క్రియోసోట్ అనే జిగట మసిగా పేరుకుంటుంది, చిమ్నీలో మంటలు అంటుకునేది ఎక్కువగా దానివల్లే. చీల్చిన కట్టెల్ని పైన కప్పు, పక్కల గాలి ఉండేలా పేర్చి కనీసం 6 నెలలు ఎండనివ్వండి, ఓక్ లాంటి గట్టి చెట్టు కట్టె అయితే ఇంకా చాలా ఎక్కువ. కట్టెలో తేమ ఎంతుందో చూపించే మాయిశ్చర్ మీటర్ కొనండి, పెద్ద ఖరీదేం కాదు. కట్టెను అప్పటికప్పుడు చీల్చి లోపలి వైపు గుచ్చితే 20 శాతం లోపు చూపించాలి.

పెద్ద కట్టెలు అడుగున, పుల్లలు పైన పెట్టి పైనుంచి అంటించండి, పొగ తక్కువొస్తుంది. మంట బాగా పట్టుకున్నాకే స్టవ్‌లోకి వెళ్లే గాలి కొద్దికొద్దిగా తగ్గించండి. రాత్రంతా ఉండాలని గాలి బిగించేసి కట్టెల్ని పొగచూరుతూ వదిలేయడం మాత్రం అస్సలొద్దు.

బూడిద మూతున్న ఇనప బకెట్‌లోనే, అదీ ఇంటికి దూరంగా, ఎందుకంటే నిప్పుకణికలు రోజుల తరబడి ఆరవు. ఏడాదికోసారి చిమ్నీ శుభ్రం చేయించండి. పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా స్టవ్ వెలిగించకండి, ఆ విషపు గ్యాస్‌కి వాసనుండదు.