యెరూషలేములో ఒక రోజు: దావీదు పట్టణం నుంచి పడమటి గోడ వరకు ఎలా చూడాలి?

ఒక్క రోజే ఉంటే మూడు చోట్లే పెట్టుకోండి: దావీదు పట్టణం, ఒకప్పుడు యూదుల దేవాలయం ఉన్న దేవాలయ కొండ దక్షిణపు తవ్వకాలు, పడమటి గోడ. మూడూ పక్కపక్కనే ఉంటాయి, బస్సులో సమయం పోదు.

ముందు రోజు ఎంచుకోండి. శనివారం సబ్బాతు, అంటే యూదుల విశ్రాంతి దినం; శుక్రవారం త్వరగా మూసేస్తారు. ఆదివారం నుంచి గురువారం లోపు అయితే మంచిది. యూదుల పండుగలు, అప్పటి భద్రతా పరిస్థితి కూడా చూసుకోవాలి. గైడ్‌కి అక్కడి పర్యాటక శాఖ లైసెన్సు ఉందో లేదో అడగండి. తవ్వకాల్లో తేలినది ఏది, సంప్రదాయంగా చెప్పుకునేది ఏది, విడివిడిగా చెప్పమని ముందే కోరండి.

పొద్దున్నే దావీదు పట్టణంలో, యూదా రాజు హిజ్కియా పేరుతో పిలిచే సొరంగంతో మొదలుపెట్టండి. నా దృష్టిలో ఈ రోజు మొత్తానికి ప్రాణం ఇదే. దిగే ముందు బైబిల్లో 2 దినవృత్తాంతములు 32వ అధ్యాయం చదువుకోండి. అష్షూరు (అస్సిరియా) సైన్యం వస్తోందని గీహోను ఊట నీటిని ఊరి లోపలికి మళ్లించిన పని అది. పొడవు 533 మీటర్లు, ఆ చివరికీ ఈ చివరికీ వాలు సుమారు 30 సెంటీమీటర్లే! రెండు వైపుల నుంచి తవ్వుతూ వచ్చిన పనివాళ్లు ఒకరి గొంతు ఒకరు విని ఎలా కలిశారో గోడ మీద చెక్కారు. 1880లో బయటపడిన ఆ శాసనం ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. అందులో రాజు పేరే లేదు, ఉన్నదంతా పనివాళ్ల మాటే.

లోపల చీకటి. నీళ్లు మొదట్లో తొడల దాకా రావచ్చు. టార్చి, తడిసినా పర్వాలేని చెప్పులు, మార్చుకోవడానికి బట్టలు ఉండాలి. ఇరుకంటే భయం ఉన్నవాళ్లు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు పక్కనున్న పొడి దారిలో వెళ్లవచ్చు.

బయటికి రాగానే కనిపించే చిన్న కోనేరు బైజాంటైన్ కాలంది. యోహాను సువార్త 9వ అధ్యాయంలో గుడ్డివాడు కడుక్కున్న సిలోయము కోనేటి మెట్లు దానికి కొంచెం అవతల, 2004లో మురుగు పైపు పనిలో బయటపడ్డాయి. చుట్టూ ఉన్నది సిల్వాన్ అనే పాలస్తీనీయుల వాడ. ఈ తవ్వకాల మీద అక్కడ ఇప్పటికీ వివాదం ఉంది. గైడ్‌ని దాని గురించీ అడగండి. మనుషుల్ని, ఇళ్లని అడగకుండా ఫొటోలు తీయకండి.

భోజనం చేసి దక్షిణపు తవ్వకాలకు వెళ్లండి. క్రీ.శ. 70లో దేవాలయాన్ని నాశనం చేసినప్పుడు రోమన్లు పైనుంచి పడదోసిన బండరాళ్లు వీధి మీద పడినచోటే ఉన్నాయి. రాళ్ల బరువుకి కుంగిన ఆ వీధి పలకల్ని తప్పకుండా చూడండి.

చివరికి పడమటి గోడ. చాలామంది దీన్ని సొలొమోను దేవాలయపు గోడ అనుకుంటారు. నిజానికి హేరోదు రాజు కాలంలో కొండ చుట్టూ ఆసరాగా కట్టిన గోడ ఇది. మగవాళ్లు తల కప్పుకోవాలి, టోపీలు అక్కడే ఇస్తారు. ఆడవాళ్లకు వేరే భాగం. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి. ప్రార్థన చేసేవాళ్ల మొహాల మీదికి కెమెరా పెట్టకండి. గోడ దగ్గరికి రాత్రి కూడా వెళ్లవచ్చు, ఆలస్యమైనా టెన్షన్ లేదు. దాని కింది సొరంగాలు చూడాలంటే మాత్రం టికెట్ ముందే బుక్ చేసుకోండి.