జర్మనీలో ‘అడ్వాన్స్ హ్యాపీ బర్త్‌డే’ చెప్పకండి

ఉద్యోగంలో చేరిన రెండో నెల. శుక్రవారం సాయంత్రం పక్క సీటావిడ బ్యాగు సర్దుకుంటోంది. ఆవిడ పుట్టినరోజు ఆదివారం, ఆఫీసు ఉండదు కదా అని ‘అడ్వాన్స్ హ్యాపీ బర్త్‌డే’ అన్నాను. జిప్ లాగుతున్న చెయ్యి ఆగిపోయింది. “ఇంకా రెండు రోజులుంది” అంది, నవ్వకుండా.

జర్మనీలో ముందుగా చెప్తే అపశకునం. శకునాలంటే నవ్వేసేవాళ్ళు కూడా ఈ ఒక్కదాని దగ్గర మాత్రం పట్టుగా ఉంటారు. ముందురోజు రాత్రే స్నేహితులంతా చేరి పార్టీ చేసుకున్నా, గడియారం పన్నెండు కొట్టేదాకా ఎవరూ నోరు విప్పరు. ఆలస్యమైతే తప్పేం లేదు. ‘నాఖ్‌ట్రెగ్లిష్ ఆలెస్ గూటె’ అనండి, లేటుగా శుభాకాంక్షలన్నమాట. సోమవారం నేను ఆ మాటే చెప్పి బయటపడ్డాను.

బిడ్డ పుట్టకముందే అభినందనలు, కానుకలు ఇవ్వడానికీ చాలామంది వెనకాడతారు. ఇది మనకి కొత్తేం కాదు, పుట్టకముందు బట్టలు కొనొద్దని మన అమ్మమ్మలూ అంటారు.

ఇక మాటలు. పుట్టినరోజుకి ‘ఆలెస్ గూటె త్సుమ్ గెబుర్ట్‌స్‌టాగ్’. పెళ్ళి, ప్రమోషన్, పరీక్ష పాసవడం, దేనికైనా ‘హెర్ట్స్‌లిషెన్ గ్లుక్‌వున్ష్’. నోరు తిరక్కపోతే ‘గ్రాటులియరె’ చాలు. మనవాళ్ళు తడబడేది ‘ఫీల్ గ్లుక్’ దగ్గర. అది పని కాకముందు చెప్పే ‘ఆల్ ది బెస్ట్’. పరీక్ష పాసైనవాడికి ఆ మాట చెప్తే, ఇంకేం గండం మిగిలిందా అన్నట్టు చూస్తాడు. పరీక్షకో ఇంటర్వ్యూకో వెళ్తున్నవాళ్ళకి ‘ఫీల్ ఎర్‌ఫోల్క్’ ఇంకా బాగుంటుంది. అదృష్టం మాటెత్తకుండా విజయం కోరడం.

చెప్పేటప్పుడు చెయ్యి కలిపి కళ్ళలోకి చూడండి. పెద్దవాళ్ళ ముందు తల దించుకోవడం మనకి మర్యాద, ఇక్కడ అది ముభావంగా కనిపిస్తుంది.

చదువుకోవడానికి వస్తున్నవాళ్ళకి ఒకటి: క్లాసు అయ్యాక చప్పట్లు కొట్టరు, వేలి కణుపులతో బల్ల మీద టకటకా కొడతారు. మొదటిసారి నాకది గొడవలా వినిపించింది.

కొత్త సంవత్సరానికి మాత్రం ముందుగా చెప్పొచ్చు. డిసెంబరు 31 దాకా ‘గూటెన్ రుచ్’, అర్ధరాత్రి దాటాక ‘ఫ్రోయెస్ నోయెస్’.

మీ పుట్టినరోజుకి ఆఫీసులో ఎవరో కేకు తెస్తారని ఎదురుచూడకండి. ఇక్కడ కేకు తెచ్చి పంచేది మీరే, బళ్ళో చాక్లెట్లు పంచినట్టు.